ఊరందరి తరఫున ఊదిన మావిస్

స్కెల్‌బరో పట్టణంలో ఈ ఏడాది ఒక్క తలుపు కూడా మూతపడదని కౌన్సిల్ నాయకుడు డెరిక్ ఓకెన్‌షా టౌన్‌హాల్ మెట్ల మీద నిలబడి, జోరున కురుస్తున్న వానలో, గొడుగు లేకుండా ప్రకటించాడు. గొడుగు లేకపోవడం ఆయన త్యాగనిరతికి నిదర్శనమని మర్నాడు స్థానిక పత్రిక రాసింది. గొడుగు పట్టే ఉద్యోగిని ముందు వారమే తీసేశారన్న సంగతి మాత్రం రాయలేదు.

ఆ ముందు వారం ఇవే మెట్ల మీద, ఇదే వానలో, అన్నీ మూసేస్తున్నామని ప్రకటించింది కూడా ఆయనే. లైబ్రరీ, ఈతకొలను, గుట్ట ఎక్కే ఏడో నంబరు బస్సు, మార్కెట్ వెనక మరుగుదొడ్లు, బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించే ఉద్యోగం, అన్నీ. ఖజానాలో ఎలుకలు కూడా లేవు. అవి ముందే గ్రహించి పక్క ఊరి కౌన్సిల్‌కి తరలిపోయాయి.

అయితే ఒక్క నిధి మిగిలింది. జనం చేత పొగ, వేప్ అనే ఎలక్ట్రానిక్ సిగరెట్టు మాన్పించడానికి లండన్ ప్రభుత్వం పంపిన సొమ్ము. పెద్ద మొత్తమే. కాకపోతే పొగ మాన్పించడానికి తప్ప మరి దేనికీ అందులోంచి పెన్నీ తియ్యకూడదని గట్టి నిబంధన. మామూలు నాయకుడైతే ఇక్కడే నీరసపడిపోయేవాడు. ఓకెన్‌షా రెండు కప్పుల టీ తాగేంతసేపు ఆలోచించాడు.

"మరి దేనికీ ఖర్చు పెట్టకూడదంటే, మిగతావన్నీ అదే అయిపోవాలి," అన్నాడు.

అలా లైబ్రరీ 'ధూమవిరమణ పఠన సహాయ కేంద్రం' అయింది. ఈతకొలను 'ఊపిరితిత్తుల జలచికిత్సాలయం' అయింది. ఏడో నంబరు బస్సు 'సంచార పొగమాన్పు వాహనం'గా మారి, అదే దారిలో, అంతే ఆలస్యంగా నడవసాగింది. మరుగుదొడ్ల మీద 'స్వల్పకాలిక పొగరహిత ఆవరణ' అని బోర్డు పెట్టారు. లోపల ఏమీ మార్చలేదు. మార్చాల్సినవి చాలా ఉన్నాయని ఊళ్ళో కొందరు అభిప్రాయపడ్డారు.

బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించేది మావిస్ థ్రెల్‌ఫాల్. అరవై దాటిన మనిషి. పసుపురంగు కోటు వేసుకుని, పొడుగాటి కర్ర చివర 'స్టాప్' అని రాసి ఉన్న గుండ్రటి బోర్డు పట్టుకుని నిలబడితే లారీలు కూడా ఆగి తలవంచేవి. ఆవిడ ఉద్యోగం కాపాడడానికి ఓకెన్‌షా స్వయంగా వచ్చాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే తరగతి.

"చూశావటే మావిస్? నీకు కొత్త బోర్డు కూడా అక్కర్లేదు. స్టాప్ అని ముందే రాసుంది. ఏమిటి స్టాప్ అన్నది ఎవడూ రాయలేదు. అదీ మన అదృష్టం."

"కింద 'పిల్లలు' అని కూడా ఉంది కదరా."

"ఉండనీ. పిల్లలు మాత్రం వేప్‌లు పీల్చడం లేదూ?"

మావిస్ ఒప్పుకోక తప్పలేదు. ఆ క్షణం నుంచి ఆవిడ జీతం పొగమాన్పు నిధిలోంచి రావడం మొదలైంది. చేతిలో సిగరెట్టు అప్పుడూ ఉంది.

ఒక్క చిన్న షరతు మిగిలింది. ఈ సేవలన్నీ ఊరందరివీ. కాకపోతే ఊరందరూ పొగ మానడానికి వచ్చినవాళ్ళై ఉండాలి.

* * *

మావిస్‌కి ఈ పథకంతో ఇంకో పని కూడా ఉంది. ఆవిడ నిజంగా మానాలి.

కుడి కాల్లో రక్తనాళం మూసుకుపోయింది. నాలుగడుగులు వేస్తే పిక్క మెలితిప్పినట్టు నొప్పి. పక్క ఊరి ఆసుపత్రిలో సర్జన్‌గారు కాలు అటూ ఇటూ తిప్పి చూసి చెప్పారు: "పొగ మానండి, ఆపరేషన్ చేస్తాను. మానకుండా చేస్తే మళ్ళీ మూసుకుపోతుంది. అప్పుడు నాళం కాదు, కాలే తియ్యాలి." పదిహేనో ఏట మొదలుపెట్టింది మావిస్. మొగుడు పోయినప్పుడు కూడా ఏడ్చింది గానీ కాల్చడం ఆపలేదు. ఈసారి మాత్రం భయం పట్టుకుంది. కాలు లేకుండా కర్ర పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడితే ఎవరు ఎవర్ని దాటిస్తారు?

లైబ్రరీ వెనక గదిలో పొగమాన్పు సలహాదారు గ్లినిస్ టాటర్సాల్ ఉంటుంది. ఏళ్ళ తరబడి ఒక ప్లాస్టిక్ ఊపిరితిత్తుల బొమ్మతో, నికోటిన్ చూయింగ్ గమ్ డబ్బాలతో ఒంటరిగా కూర్చున్న మనిషి. ఎప్పుడైనా ఎవరైనా తలుపు తోస్తే మరుగుదొడ్డి ఎటో అడగడానికే. అలాంటి గది ముందు ఆ వేళ క్యూ కసాయి దుకాణం దాకా పాకింది.

మావిస్ కంటే నలుగురు ముందు నిలబడింది మిస్ ఎంట్విసిల్. ఎనభై మూడేళ్ళు. చర్చిలో ఆర్గన్ వాయించేది. ఇంట్లో హీటర్ వేసే స్తోమత లేక రోజంతా లైబ్రరీలో వెచ్చగా కూర్చుని పత్రికల్లో గళ్ళనుడికట్లు నింపుతుంటుంది.

"రోజుకి ఎన్ని కాలుస్తారు మిస్?" అడిగింది గ్లినిస్.

"మామూలుగా జనం ఎన్ని కాలుస్తారమ్మా?"

"ఇరవై దాకా."

"అయితే నాకు పద్దెనిమిది వేసుకో. నేనెప్పుడూ అతికి పోను."

"ఏ బ్రాండు?"

మిస్ ఎంట్విసిల్ ఆలోచించింది. "శుభ్రమైనదే," అంది.

ఆ వెనక కసాయి తాను వేప్ పీలుస్తానని చెప్పాడు. ఏ ఫ్లేవరని అడిగితే మటన్ అన్నాడు. ఈత నేర్పే మాస్టారు రోజుకి పన్నెండనీ, నీళ్ళలో ఉన్నప్పుడు కొంచెం తగ్గిస్తాననీ చెప్పాడు. పాస్టర్‌గారు అబద్ధం చెప్పలేక, "పొగ గురించి తరచుగా ఆలోచిస్తుంటాను," అన్నాడు. గ్లినిస్ అన్నిటికీ తల ఊపింది.

మావిస్ వంతు వచ్చేసరికి గ్లినిస్ గొంతు బొంగురుపోయింది. "మీరు దేనికండీ? లైబ్రరీకా? బస్సుకా?"

"మానడానికి."

"దేన్ని?"

"సిగరెట్లమ్మా."

గ్లినిస్ కాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. ఆ తరవాత అందరికీ ఇచ్చినట్టే అరచేతిలో పట్టేంత యంత్రం ఒకటి తీసి చేతికిచ్చి ఊదమంది. మావిస్ ఊదింది. ఎర్ర లైటు వెలిగింది.

క్యూలో వెనకెవరో చప్పట్లు కొట్టారు.

సంగతేమిటంటే, పొగతాగేవాళ్ళని నోటిమాట మీద లెక్కలోకి తీసుకోకూడదని ఆ ఉదయమే లండన్ నుంచి కబురొచ్చింది. ప్రతి మనిషీ యంత్రంలోకి ఊదాలి. ఎర్ర లైటు వెలిగితేనే పొగరాయుడు. పొద్దుటి నుంచి స్కెల్‌బరో ఊదుతూనే ఉంది. పాస్టర్ ఆకుపచ్చ. కసాయి ఆకుపచ్చ. ఈత మాస్టారు ఊదితే యంత్రం కూడా సిగ్గుపడేంత ఆకుపచ్చ. ఊరంతా సిగ్గులేకుండా ఆరోగ్యంగా ఉంది. నిజంగా కాల్చేవాళ్ళు ఇంకా కొందరున్నారు గానీ, ప్రభుత్వం నోట్లో ఊపిరి పొయ్యడం తమ సిద్ధాంతానికి విరుద్ధమని వాళ్ళు పబ్బు గుమ్మం దాటి రాలేదు.

ఓకెన్‌షా పరుగున వచ్చాడు. ఎర్ర లైటు వంక కాసేపు చూశాడు. పుట్టిన బిడ్డని మొదటిసారి చూసే తండ్రి మొహం అలా ఉంటుంది.

"మావిస్," అన్నాడు మెల్లిగా, "నువ్వు మానడానికి వచ్చావా?"

"అవున్రా."

"మంచిది. చాలా మంచిది. ఈ పథకం ఉన్నదే నీలాంటి వాళ్ళ కోసం. కానీ ఈ నెల వద్దు."

"సర్జన్‌గారు..."

"ఒక్క నెల. మిస్ ఎంట్విసిల్ ఎక్కడ కూర్చుంటుంది చెప్పు? చలికి బిగుసుకుపోదూ? ఆసుపత్రికి నువ్వెళ్ళే బస్సు ఏ నిధి మీద నడుస్తోంది? రేపు పిల్లల్ని ఎవడు దాటిస్తాడు? ఊరి పేర్లన్నీ ఒక్కొక్కటిగా చదువుతారు, నువ్వు ఊదుతావు. అంతే. అయ్యాక మొట్టమొదటి అపాయింట్‌మెంట్ నీదే."

మావిస్ మిస్ ఎంట్విసిల్ వైపు చూసింది. ఆవిడ అప్పటికే తన కుర్చీ ఎవరైనా ఆక్రమిస్తారేమోనని చేతిసంచి దాని మీద పెట్టి కాపలా కాస్తోంది.

"ఒక్క నెలే," అంది మావిస్.

* * *

ఇలాంటి గౌరవం స్కెల్‌బరో చరిత్రలో మేయర్లకు కూడా దక్కలేదు. మావిస్‌కి 'గౌరవ శ్వాస ప్రతినిధి' అన్న హోదా ఇచ్చారు. బడి వదలగానే కౌన్సిల్ కారు వచ్చి తీసుకెళ్ళేది. వెచ్చటి కుర్చీ, దాని పక్కన టీ, బిస్కెట్లు. మధ్యమధ్యలో పెరట్లోకి వెళ్ళి కాల్చి రమ్మని విరామం. ఆ సిగరెట్లు పొగమాన్పు నిధిలోంచే 'పరీక్షా సామగ్రి' పద్దు కింద కొనేవారు. ఖరీదైన రకం. మావిస్ తన జన్మలో అంత మంచి సిగరెట్లు కాల్చి ఎరగదు.

గ్లినిస్ పేరు చదివేది. మావిస్ ఊదేది. ఎర్ర లైటు. పాస్టర్‌గారైంది, కసాయి అయింది, ఈత మాస్టారైంది, మేయరూ మేయరు భార్యా కూడా అయింది. ఒక మధ్యాహ్నం వరసబెట్టి రగ్బీ జట్టు మొత్తం అయింది. ఆవిడ దగ్గితే కౌన్సిల్ సమావేశం వాయిదా వేసి కుశలం కనుక్కునేవారు. తుమ్మితే జలుబు మాత్రలు వచ్చేవి. పొరపాటున వీధిలో ఎవరైనా చూయింగ్ గమ్ ఇవ్వబోతే పక్కవాళ్ళు చెయ్యి పట్టుకుని ఆపేవారు.

"మావిస్, మీ పేరు ఎప్పుడు చదవను?" అని ఒకరోజు గ్లినిస్ గొంతు తగ్గించి అడిగింది. ఆ పిల్లకి మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది.

"నెల అయిందిగా. ఇవాళే చదువు."

వెనక నుంచి ఓకెన్‌షా అందుకున్నాడు. "తోట పెంపకం క్లబ్బు మిగిలింది. అది కాగానే."

తోట పెంపకం క్లబ్బు అయ్యాక పావురాల పెంపకందార్లు వచ్చారు. వాళ్ళ వెనక పక్క పల్లె నుంచి మాకూ బస్సు కావాలంటూ ఒక ప్రతినిధి బృందం. ఈలోగా సర్జన్‌గారి గడువు దగ్గర పడుతోంది. మావిస్ రాత్రిళ్ళు కాలు మంచం మీంచి వేలాడదీసుకుని పడుకుంటోంది. అలా అయితేనే కాస్త నొప్పి తగ్గుతుంది.

ఒక పొద్దున బడి ముందు, బోర్డు ఎత్తి రోడ్డు మధ్యకి వచ్చింది. పిల్లలు బిలబిలమంటూ దాటారు. అందరూ అవతలికి చేరారు. మావిస్ మాత్రం కదలలేకపోయింది. పిక్క రాయిలా బిగుసుకుంది. రెండువైపులా కార్లు ఆగాయి. పైన బోర్డు మీద 'స్టాప్' అని ఉండడం వల్ల ఎవరూ తప్పు పట్టలేదు. కాసేపటికి ఒకతను కిటికీ దించాడు.

"ఏమ్మా, ఎవరొస్తున్నారు? రాజుగారా?"

"ఎవరూ రావట్లేదు నాయనా. నేనే పోలేకపోతున్నాను."

అవతలి గట్టున ఒక చిన్నపిల్ల వెనక్కి తిరిగి వచ్చి, మావిస్ చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ చూసి, జాగ్రత్తగా రోడ్డు దాటించింది.

మావిస్ పసుపు కోటు జేబులోంచి కౌన్సిల్ వారి ఖరీదైన పెట్టె తీసి కాలవలోకి గిరాటేసింది. ఎవరికీ చెప్పలేదు. ఆవిడ చెప్పుకోగల మనిషి పొగమాన్పు సలహాదారు ఒక్కతే, ఆ మనిషికి పని వత్తిడి.

తరవాతి రోజులు ఎలా గడిచాయో ఆవిడకే తెలుసు. పుదీనా బిళ్ళలు చప్పరించింది. ఊలు అల్లింది. ఎవరికో తెలియదు గానీ మూడు చేతుల స్వెట్టరు అయింది. కెటిల్ మరగడం ఆలస్యమైతే దాన్ని తిట్టింది, మరిగితే తొందరపడ్డావేమని తిట్టింది. మొగుడి ఫోటోతో పోట్లాడి, గోడ వైపు తిప్పి పెట్టి, మళ్ళీ బతిమాలుకుని ఇటు తిప్పింది. చేతివేళ్ళు వాటంతటవే పెదాల దాకా వెళ్ళి, అక్కడేమీ లేక, సిగ్గుపడి దిగిపోయేవి. ఒక రాత్రి కాలవ గట్టు దాకా వెళ్ళి నీళ్ళలోకి చూసి వచ్చింది. పెట్టె తేలుతూ కనబడితే ఏం చేసి ఉండేదో ఆవిడకే తెలియదు.

ఆ వారం ఇత్తడి వాయిద్యాల బ్యాండు వంతు. మొదటి ట్రాంబోన్ పేరు చదివారు. మావిస్ ఊదింది. నారింజ లైటు.

"యంత్రం చల్లబడిందేమో," అన్నాడు ఓకెన్‌షా. దాన్ని చంకలో పెట్టుకుని వెచ్చబెట్టాడు.

రెండో ట్రాంబోన్. ఇంకా పాలిపోయిన నారింజ. రెండు రోజుల తరవాత బాకాలు ఊదేవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆకుపచ్చ. బ్యాండు మొత్తం పొగ తాగదని రుజువైపోయింది. వాళ్ళు తలలు వంచుకుని వాయిద్యాలతో ఇంటిదారి పట్టారు. పెద్ద డోలు వాయించేవాడు కళ్ళు తుడుచుకున్నాడని చూసినవాళ్ళు చెప్పారు.

ఆ సాయంత్రం ఓకెన్‌షా ఆరు సిగరెట్టు పెట్టెలు పట్టుకుని మావిస్ ఇంటికొచ్చాడు.

"ఏమిటే ఈ ద్రోహం? ఊరి ఊపిరితిత్తులు నీవి!"

"ఊపిరితిత్తులు ఊరివైతే కావచ్చు. కాలు మాత్రం నాది."

"ఇల్లు కాలి ఊరు ఏడుస్తుంటే..."

"చుట్టకు నిప్పు అడుగుతున్నది ఎవర్రా? ఆరు పెట్టెలు తెచ్చింది నువ్వు."

ఓకెన్‌షా కుర్చీలో కూలబడ్డాడు. మావిస్ టీ పెట్టింది. కోపమొచ్చినా ఆ ఊళ్ళో టీ పెట్టకుండా ఎవరూ ఎవర్నీ తిట్టరు.

"అసలు నాకు మొదటి సిగరెట్టు ఎవరిచ్చారో గుర్తుందా డెరిక్? బడి గోడ వెనక. నువ్వే."

"అవునా?" ఓకెన్‌షా మొహం వెలిగింది. "అంటే ఈ పథకానికి శంకుస్థాపన అప్పుడే చేశానన్నమాట."

అంటూండగానే ఆయన కప్పు గాల్లో ఆగిపోయింది. "ఆకుపచ్చ," అన్నాడు. "మావిస్, తాగినట్టు చూపించడం అయిపోయింది. ఇక మానినట్టేగా చూపించాల్సింది! ఊరంతా ఆకుపచ్చే! ఎవరిది వాళ్ళు ఊదుకుంటారు!" లేచి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. "నువ్వు సరైన సమయానికి మానావే తల్లీ! మహానుభావురాలివి!"

వెళ్ళేటప్పుడు ఆరు పెట్టెలూ మర్చిపోకుండా తీసుకెళ్ళాడు. ప్రజల సొమ్ము కదా.

* * *

లండన్ నుంచి ఆరోగ్య శాఖ ఉపమంత్రి హ్యూగో ఫెదర్‌స్టన్ దిగిన రోజున లైబ్రరీకి కొత్త తెరలు కట్టారు. ఊరు బారులు తీరింది. పాస్టర్ ఊదాడు, ఆకుపచ్చ. కసాయి ఊదాడు, ఆకుపచ్చ. మిస్ ఎంట్విసిల్ వణుకుతున్న పెదాలతో ఊదితే ఆకుపచ్చ లైటు ఇంకొంచెం మెరిసినట్టు అనిపించింది. ఉపమంత్రి ఆవిడ చెయ్యి పట్టుకుని కెమెరాల వైపు తిప్పాడు.

"ఎంత కష్టపడ్డారో కదమ్మా!"

"అబ్బే, లేదండీ. అసలు మొదలుపెట్టినట్టే అనిపించలేదు."

ఉపమంత్రి కళ్ళు చెమర్చాయి. "వినయం చూడండి!" అన్నాడు.

"ఒక్కరు కూడా తప్పలేదా?" అని గ్లినిస్‌ని అడిగాడు. గ్లినిస్ నోరు తెరిచింది. మాట బయటికొచ్చేలోపల ఓకెన్‌షా, "ఒక్కరు కూడా లేదండి," అన్నాడు.

"దేశంలో ఎక్కడా ఇలా జరగలేదు. నలుగురు చేరితే ఒక్కడు మానడమే గొప్ప. మీ రహస్యం ఏమిటి?"

"ఊరంతా ఒకే ఊపిరిగా పనిచేశామండి," అన్నాడు ఓకెన్‌షా. జీవితంలో ఆయన వేదిక మీద చెప్పిన మాటల్లో అదొక్కటే పూర్తిగా నిజం. మూలన గోడకి ఆనుకుని నిలబడ్డ మావిస్ నేల చూపులు చూసింది.

ఉపమంత్రి పులకించిపోయాడు. ఇంత బాగా మాన్పించే ఊరికి నిధి ఆపడం నేరమనీ, వచ్చే ఏప్రిల్ నుంచి మూడింతలు ఇస్తున్నామనీ అక్కడికక్కడే ప్రకటించాడు. షరతేమీ లేదు. మళ్ళీ ఇంతమంది చేత మాన్పించాలి, అంతే.

"వీళ్ళంతా మానేశారు కదండీ," అంది గ్లినిస్.

"అదే కదా! అనుభవం ఉన్నవాళ్ళు," అన్నాడు ఉపమంత్రి. "పైగా ఈసారి ఊదుడు కూడా ఉండదు. ఉమ్మి పరీక్ష తెస్తున్నాం. ఎవరి ఉమ్మి వాళ్ళదే. రోజూ క్రమం తప్పకుండా తాగేవాళ్ళు మాత్రమే అందులో తేలతారు. మోసానికి దారే లేదు!"

అందరూ చప్పట్లు కొట్టారు. కొంచెం ఆలస్యంగా కొట్టారు.

* * *

మావిస్ పరీక్ష ఆసుపత్రిలోనే చేశారు. సర్జన్‌గారు ఆకుపచ్చ లైటు చూసి, "శభాష్. ఎవరి సాయం తీసుకున్నారు?" అని అడిగారు. "కాలవ సాయం," అంది మావిస్. ఆపరేషన్ బాగా జరిగింది.

మూడో రోజు ఓకెన్‌షా ద్రాక్షపళ్ళు పట్టుకుని వచ్చాడు. మంచం పక్కన కూర్చుని పళ్ళు తానే తింటూ సంగతి చెప్పాడు.

"ఊళ్ళో జనం ఉత్సాహంగానే ఉన్నారే. కానీ పద్ధతి తెలియదు. పాస్టర్‌గారు ఊదుతున్నాడు, పీల్చడం లేదు. కసాయి మీసం కాల్చుకున్నాడు. అనుభవజ్ఞురాలివి, నువ్వొచ్చి నాలుగు పాఠాలు..."

"డెరిక్, నేను మానడానికి ఎంత ఏడ్చానో తెలుసా నీకు?"

"తెలుసు. అందుకే అడుగుతున్నా. లోతుపాతులు తెలిసినదానివి."

"పో."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు..."

"ద్రాక్షపళ్ళు అక్కడ పెట్టి పో."

పెట్టాడు. తొడిమలే మిగిలాయి.

జనవరిలో అంబులెన్సు వాళ్ళు మావిస్‌ని గుట్ట కింద దించి వెళ్ళారు. కొత్త రక్తం పారుతున్న కాలు తేలిగ్గా ఉంది. ఏడో నంబరు బస్సు వచ్చి ఆగింది.

"కార్డు?" అడిగాడు డ్రైవరు.

"కార్డేమిటి?"

"ఏప్రిల్‌లో మానబోయేవాళ్ళకే అమ్మా ఈ బస్సు. మీరు ముందే మానేశారుగా." అతను నిజంగానే బాధపడ్డాడు. "ఒక్కటి వెలిగించండి, కళ్ళు మూసుకుని ఎక్కించుకుంటా."

వద్దంది. మెల్లిగా గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. బస్సు ఆవిణ్ణి దాటి పోయి మొదటి స్టాపులో ఆగింది. బస్సులో పొగ తాగడం నేరం. స్కెల్‌బరో కౌన్సిల్ చట్టాన్ని గౌరవిస్తుంది. అందుకని ప్రతి స్టాపులోనూ ప్రయాణికులు కిందికి దిగి, వానలో వరసగా నిలబడి, అభ్యాసం చేసి, దగ్గి, మళ్ళీ ఎక్కాలి. రెండో స్టాపు దగ్గర మావిస్ బస్సుని దాటేసింది.

ఈతకొలను వెనక గుమ్మంలో మాస్టారు, శిష్యులు తడి బట్టల మీద తువ్వాళ్ళు కప్పుకుని, నీలం పెదాల మధ్య ఒక్కొక్కటి పెట్టుకుని గజగజ వణుకుతున్నారు. లైబ్రరీ పెరట్లో గ్లినిస్ పొగ మానడానికి పది మెట్లు ఉన్న పాత కరపత్రాన్ని కింది నుంచి పైకి చదివి వినిపిస్తోంది. పదో మెట్టు మీద జనం చాలా శ్రద్ధగా ఉన్నారు. మావిస్‌ని చూసి గ్లినిస్ తల తిప్పుకుంది.

గుట్ట పైన ఆఖరి స్టాపు గూడు కింద మిస్ ఎంట్విసిల్ నిలబడి ఉంది. ఆర్గన్ మీద ఆడిన పొడుగాటి వేళ్ళ మధ్య సిగరెట్టు పొందికగా ఉంది. ఇక ఎవరూ నేర్పక్కర్లేదు.

"మావిస్! ఎంత బాగా నడుస్తున్నావే అమ్మాయ్!"

"మీరెలా ఉన్నారు మిస్? లైబ్రరీ వెచ్చగా ఉందా?"

"ఉందమ్మా. నా కుర్చీ నాకుంది." ఒక దమ్ము లాగి, దగ్గి, ఛాతీ నిమురుకుని, చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఒక సంగతి అడుగుతాను. నువ్వు తెలిసినదానివి. ఈ మధ్య తెల్లారకుండానే మెలకువ వస్తోంది. దీని కోసమే. ఇది దొరికేదాకా చేతులు వణుకుతాయి. ప్రార్థన కూడా సగంలో ఆపి బయటికొచ్చేస్తున్నాను. అందరికీ ఇలాగే ఉంటుందా?"

మావిస్ ఆవిడ వేళ్ళ మధ్య వెలుగుతున్నదాని వంక చూసింది.

"ఉంటుంది మిస్," అంది చివరికి. "అందరికీ ఇలాగే ఉంటుంది."

మిస్ ఎంట్విసిల్ మొహంలో దిగులు తేలిపోయింది.

"హమ్మయ్య," అంది. "అయితే సరిగ్గానే చేస్తున్నానన్నమాట."

కింద నుంచి బస్సు దగ్గుకుంటూ వచ్చింది. మిస్ ఎంట్విసిల్ సిగరెట్టు పీక నలిపి, చేతిసంచి సర్దుకుని, కార్డు చూపించి ఎక్కింది.